గడియ తియ్యరా, కోటదొరా

సెప్టెంబరు 2, సోమవారం

పొద్దున్న ఆరున్నరకి మా డాబా మీద పదకొండు మంది ఆడవాళ్లు, ఇద్దరు మగవాళ్లు కలిసి నాలుగు వందల మంది చావుకి నడుములు తిప్పారు. దానికి వ్యాయామం అని పేరు. కొత్తగా వచ్చిన శిక్షకురాలు ఒక స్పీకరు తెచ్చి పిట్టగోడ మీద పెట్టింది. మొదట డ్రమ్ము, తరవాత ఈల, ఆ తరవాత ఆడగొంతు.

కోటదొరా, కోటదొరా, గడియ తియ్యరా
గుమ్మంలోన గుండె ఉంది, లోన దాచరా

నలభై ఏళ్లనాటి డిస్కో పాట. చచ్చి బూడిదైందనుకున్నాను. ఏదో కూల్‌డ్రింకు ప్రకటనలో వాడుకున్నారట, మళ్లీ లేచి కూర్చుంది. గుండె గుమ్మంలో పడి ఉంటే పిలవాల్సింది దొరని కాదు, డాక్టరుని. రాసినవాడెవడో గానీ, ప్రాస కుదురుతుందంటే కన్నతల్లిని కూడా పల్లవిలో ఇరికించే రకం.

కింది వాటా ఆవిడ మెట్ల దగ్గర కనిపించి, మీరూ రండి టీచరుగారూ, మోకాళ్లకి మంచిది అంది. నా మోకాళ్లకి కాస్త అభిమానం ఉందని చెప్పాను. ఆవిడ అదేదో జబ్బనుకున్నట్టుంది, అయ్యో, ఎన్నాళ్లుగా అని అడిగింది.

సెప్టెంబరు 4, బుధవారం

ఉత్సవమూర్తి వచ్చాడు. మునిసిపాలిటీలో సాంస్కృతిక వ్యవహారాలు చూసే అధికారికి నేను పెట్టిన పేరు అది. ఎక్కడ వేదిక కనిపిస్తే అక్కడ మధ్య కుర్చీలో తేలతాడు. కోట ముట్టడికి రెండు వందల ఏళ్లు నిండుతున్నాయట. ఇరవై ఎనిమిదో తేదీ సాయంత్రం కోట మైదానంలో సభ. నేను చరిత్ర గురించి పదిహేను నిమిషాలు మాట్లాడాలి. ఆ తరవాత అసలు కార్యక్రమం. అసలు కార్యక్రమం అంటే మా చెల్లి. నలభై ఏళ్ల కిందట ఆ పాట పాడింది అదే. ఇప్పుడు అరవై రెండేళ్ల వయసులో మళ్లీ పాడబోతోంది.

ఈ ఊళ్లో ఎవరిని కదిపినా కోటదొర ఎవరో చెబుతారు, ఏం చేశాడో మాత్రం చెప్పరు. ముప్పై ఒక్క ఏళ్లు ఆడపిల్లల బడిలో ఇదే పాఠం చెప్పాను. డైరీకి కూడా చెబుతున్నానంటే టీచరు బుద్ధి ఎక్కడికి పోతుంది.

పరాయి సేన వస్తోందని కబురు అందింది. కోటలో నాలుగు వేల మంది, రెండు నెలలకి సరిపోయే గింజలు. గోడ బయట ఇటుకలవాడ. ఆ గోడలో ప్రతి ఇటుకా చేసిన మనుషులు అక్కడే ఉండేవాళ్లు. పిల్లల్ని చంకన వేసుకుని తలుపు దగ్గరికి వచ్చారు. దొర గడియ వేయించి తాళంచెవి మెళ్లో వేసుకున్నాడు. మూడు రోజులు వాళ్లు తలుపు కొట్టారు. నాలుగో రోజు సేన వచ్చింది. నాలుగు వందల మంది పోయారు. లోపలివాళ్లు బతికారు, కోట నిలిచింది.

ఆయన రక్షకుడా, హంతకుడా అని ఏటా పిల్లల చేత వ్యాసం రాయించేదాన్ని. సగం మంది అదీ, సగం మంది ఇదీ రాసేవాళ్లు. అందరికీ మార్కులు వేశాను. టీచరూ, మీరేమంటారు అని ఒకే ఒక్క పిల్ల అడిగింది. కూర్చోమన్నాను.

ఉత్సవమూర్తికి సరేనన్నాను. ఎవరో ఒకరు నిజం చెప్పాలి కదా.

సెప్టెంబరు 5, గురువారం

నాకు ఆ పాటతో ఏ సంబంధమూ లేదు. అది రాసిపెట్టుకోవాల్సిన అవసరం ఎందుకొచ్చిందో తెలియదు. రాశాను.

సెప్టెంబరు 9, సోమవారం

టీవీలో చెల్లి. వెండి తళుకుల జాకెట్టు, కళ్లకి నీలం రంగు. ఎదురుగా కూర్చున్న పిల్ల దాన్ని డిస్కో రాణి, డిస్కో రాణి అని పిలుస్తోంటే రాజ్యం నిజంగా ఉన్నట్టే తల ఊపుతోంది. రెండు లైన్లు పాడమంటే పాడింది. గొంతు అరిగిపోయింది. పైస్థాయి అందక నవ్వుతో కప్పేసింది. ఆ నవ్వుతోనే బతుకంతా నెట్టుకొచ్చింది. హోటళ్లలో, పుట్టినరోజుల్లో, కార్ల షోరూము ప్రారంభాల్లో.

మాటలు ఎవరు రాశారని ఆ పిల్ల అడిగింది. రికార్డు మీద ఉన్న కవిగారి పేరే చెప్పింది. తరవాత, మా అక్క హిస్టరీ టీచరు, ఆవిడకి ఈ పాటంటే పడదు అని మళ్లీ నవ్వింది. అడగని సంగతి ఎందుకు చెప్పాలి?

దానితో మాట్లాడి ఆరేళ్లయింది. దాని మొగుడు, మా మరిది, పోయినప్పుడు స్నేహితులెవరో ఆ ఇంట్లో ఆ పాటే పెట్టారు, ఆయనకి ఇష్టమని. ఇక్కడ కూడా ఆ కూతేనా అన్నాను. నలుగురూ విన్నారు. నేను అన్నదాంట్లో తప్పేమీ లేదు. సమయం మాత్రం అది కాదేమో.

టీవీ కట్టేశాను. కాసేపాగి మళ్లీ పెట్టాను. అప్పటికి అయిపోయింది.

సెప్టెంబరు 10, మంగళవారం

మధ్యాహ్నం తలుపు తడితే తీశాను. నలభై దాటిన మనిషి, మెళ్లో కొలతల టేపు. తీసి రావడం మరిచిపోయిందట. బస్సు డిపో వెనక సందులో దర్జీ కొట్టు నడుపుతోంది. ఆ సందే ఒకప్పటి ఇటుకలవాడ.

కూర్చోమంటే కుర్చీ అంచున కూర్చుంది. పోయిన నెల వాళ్లమ్మ చనిపోయిందట. పోయేముందు ఒక సంగతి చెప్పిందట. కాలేజీ అమ్మాయి ఒకామె టేప్‌రికార్డరు పట్టుకుని వాళ్లింటికి వచ్చి, గోనెసంచులు కుడుతున్న వాళ్ల అమ్మమ్మ చేత పాట పాడించుకుని వెళ్లిందని, ఆ అమ్మాయే తరవాత బళ్లో హిస్టరీ టీచరు అయిందని.

ఆ పాట నాకు తెలుసు. గోడ బయట మిగిలినవాళ్ల పాట అది. ఆ ఇళ్లల్లో పనిచేసుకుంటూ పాడుకునేవాళ్లు.

“ఇప్పుడు అది ఎవరికీ రాదండీ. మా అమ్మకి రెండు లైన్లు వచ్చు, ఆవిడా పోయింది” అంది దర్జీ.

ఎందుకలా మరిచిపోయారని అడిగాను. అడగకుండా ఉండాల్సింది. తనకి ఆరేళ్లప్పుడు రేడియోలో డిస్కో పాట వచ్చిందట. బస్సులో ఇటుకలవాడ ఆడపిల్లలు ఎక్కితే చాలు, వెనక సీట్లవాళ్లు గడియ తియ్యరా అని అందుకునేవాళ్లట.

“బళ్లో నన్ను ‘గడియ’ అని పిలిచేవాళ్లండీ, పదో క్లాసు దాకా. ఇంట్లో అమ్మమ్మ పాట ఎత్తుకుంటే ఎవరైనా వింటారని మా అమ్మ కిటికీలు మూసేది. ఒకరోజు నేనే అమ్మమ్మ నోటికి చెయ్యి అడ్డం పెట్టాను. ఆ తరవాత ఆవిడ పాడలేదు.”

చెప్పి, మంచినీళ్లు తాగింది. ఆ పాట టేపు మీ దగ్గరేమైనా ఉందా అంది.

లేదమ్మా అన్నాను.

ఫోను నంబరు రాసిచ్చి వెళ్లింది.

నేను అబద్ధం ఆడలేదు. ఆమె అడిగింది పాట. వినడానికి యంత్రం లేనప్పుడు టేపు ఉన్నా లేనట్టే. ఒక ప్లాస్టిక్ డబ్బా, అందులో గోధుమరంగు నాడా. పాట లేదు. కాబట్టి లేదన్నాను.

సెప్టెంబరు 14, శనివారం

బీరువాలో స్వెట్టర్ల కింద చూశాను. ఉంది.

సెప్టెంబరు 15, ఆదివారం

ఉత్సవమూర్తి ఫోన్ చేశాడు. పదిహేను నిమిషాలు కాస్తా అయిదయ్యాయి. చనిపోయినవాళ్ల సంఖ్య చెప్పకపోతే బాగుంటుందట, వేడుక కదా. సంఖ్య చెప్పకుండా చరిత్ర ఎలా చెప్పాలండీ అంటే, కొంచెం పాజిటివ్‌గా చెప్పండి మేడమ్ అన్నాడు. పాజిటివ్‌గా నాలుగు వందలు అంటానని చెప్పాను. నవ్వాడు. అర్థమై నవ్వాడో, అలవాటై నవ్వాడో.

కరపత్రం పంపించాడు. కోటదొర నల్లకళ్లద్దాలు పెట్టుకుని, ఒక చెయ్యి నడుం మీద, ఒక వేలు ఆకాశంలోకి. మెళ్లో తాళంచెవి గిటారంత ఉంది. ఈ దేశాన్ని ఎవరూ ముట్టడించనక్కర్లేదు.

సెప్టెంబరు 17, మంగళవారం

రాయక తప్పేట్టు లేదు. రెండు రోజులుగా పెన్ను పట్టుకుంటున్నాను, మూసేస్తున్నాను. నాకోసం నేను రాసుకునే పుస్తకంలో కూడా దాచుకుంటున్నానంటే నా అంత పిరికిది ఇంకెవరుంటారు?

ఆ డిస్కో పాట రాసినవాడు లేడు. రాసింది నేను.

ఎమ్మే రెండో ఏడు. పాత పాటలు సేకరించి తెమ్మని ప్రొఫెసరు పంపితే, కాలేజీ టేప్‌రికార్డరు మోసుకుని ఇటుకలవాడకి వెళ్లాను. ఆ ముసలావిడ పాడింది. మాటలన్నీ నోట్‌బుక్కులో ఎక్కించాను. నాలుగు రోజులు ఇంట్లో అదే కూనిరాగం. చెల్లి అప్పుడే స్టూడియోలో కోరస్ పాడటానికి వెళ్తుండేది. ఒకరోజు తోడు రమ్మంటే వెళ్లాను. పాట రాయాల్సిన కవిగారికి కడుపునొప్పి, రాలేదు. వాయిద్యాలవాళ్లంతా కూర్చుని ఉన్నారు. సంగీత దర్శకుడు, డ్రమ్ములాయన అనేవాళ్లం, చీకటి గదిలో కూడా నల్లకళ్లద్దాలు తీయకుండా అటూ ఇటూ తిరుగుతున్నాడు. మా అక్క దగ్గర ఒక పాట ఉందని చెల్లి అంది.

పాడి వినిపించాను. ఆయన వేళ్లతో కుర్చీ మీద తాళం వేసుకుంటూ విని, రాగం ఉంచి ఏడుపు తీసెయ్ అన్నాడు.

ఏడుపు తీసెయ్యడానికి నలభై నిమిషాలు పట్టింది. చావుబతుకుల మధ్య ఉన్నవాళ్ల మొరని సరసం చేసిపెట్టాను. అదే నోట్‌బుక్కులో, ఆ ముసలావిడ మాటల మీదే కొట్టివేతలు వేసి రాశాను. ఆయన చదివి, “అమ్మాయీ, నువ్వు దొంగవి” అన్నాడు, మెచ్చుకోలుగా. ఆ మాట నాకు యూనివర్సిటీ బంగారు పతకం కంటే ఎక్కువ ఆనందాన్నిచ్చింది. వారం రోజులు అద్దంలో చూసుకుని నవ్వుకున్నాను.

పేరు వెయ్యొద్దన్నాను. డిపార్ట్‌మెంటులో తెలిస్తే బాగుండదని. కడుపునొప్పి కవిగారి పేరు పడింది, ఆయనా కాదనలేదు. పాట ఊరూవాడా మోగింది. ఒకరోజు ప్రొఫెసరు క్లాసులో ఆ పాటని చీల్చి చెండాడాడు. నేను ఆయనకంటే గట్టిగా తిట్టాను. అందరూ చప్పట్లు కొట్టారు. ఆ సాయంత్రం నోట్‌బుక్కు పొయ్యిలో వేశాను. ఇక అప్పట్నుంచీ తిట్టడమే నా ఉద్యోగం. మొదలుపెట్టాక మానేస్తే ఎందుకు మానేశావని అడుగుతారు కదా.

టేపు మళ్లీ వినలేదు. పారెయ్యనూ లేదు.

బస్సులో వెనక సీట్ల సంగతి నాకు తెలియదు. తెలిసి ఉంటే.

తెలిసి ఉంటే కూడా ఏమీ చేసేదాన్ని కాదు.

సెప్టెంబరు 19, గురువారం

కర్టెను అంచు కుట్టించుకునే మిషతో దర్జీ కొట్టుకి వెళ్లాను. అంచు బాగానే ఉంది. ఇంటి దగ్గర నేనే ఊడదీసుకుని వెళ్లాను.

గది చిన్నదే. కుట్టు మిషను, ఇస్త్రీ బల్ల, గోడకి మేకుల మీద బడి యూనిఫారాలు వరసగా, ఒక్కో చేతికీ పిన్నుతో కాగితం ముక్క. టేపు గురించి నన్నేమీ అడగలేదు. అంచు చూసి, ఇది పాతబడి ఊడలేదండీ, ఎవరో కోశారు అంది.

ఇంతలో సభకి ప్రచారం చేసే వ్యాను సందు మొగలో ఆగింది. గడియ తియ్యరా మొదలైంది. మిషను తొక్కుతున్న ఆమె పాదం ఆగిపోయింది. చెయ్యి చక్రం మీదే ఉంది. ముఖంలో కోపమూ లేదు, ఏమీ లేదు. నీళ్లు రాని కుళాయి ముందు నిలబడ్డట్టు కూర్చుని ఉంది. నా పక్క బెంచీ మీద హోంవర్కు చేసుకుంటున్న వాళ్లమ్మాయి పెన్సిలు కింద పెట్టి వాళ్లమ్మ వంక చూసింది. వ్యాను వెళ్లిపోయింది. పాదం కదిలింది. పిల్ల మళ్లీ పెన్సిలు తీసుకుంది.

అది ఇవాళ మొదటిసారి జరిగింది కాదని ఎవరైనా చెప్పగలరు.

సెప్టెంబరు 21, శనివారం

ఆ టేపు పట్టే యంత్రం ఎక్కడ దొరుకుతుందో వాకబు చేశాను. రిపేరు షాపువాళ్లు నన్ను మ్యూజియంలో అడగమన్నారు. ఈ ఊళ్లో అలాంటి యంత్రాన్ని తుడిచి దాచుకునే మనిషి ఒక్కతే ఉంది.

ఆరేళ్ల తరవాత చెల్లి ఇంటి గంట నొక్కాను. పైజమాలో ఉంది, కళ్లకి రంగు లేదు. తలకి సగం రంగు వేసుకుంది, సగం తెలుపు. నన్ను చూసి కంగారు పడుతుందనుకున్నాను. లోపలికి రా, ఇది ఆరేదాకా కదలకూడదు అంది.

టేపు బల్ల మీద పెట్టి సంగతంతా చెప్పాను. దర్జీ, వాళ్లమ్మ, బస్సు, నేను లేదని చెప్పడం. అది చెవుల మీద రంగు మరకలు దూదితో తుడుచుకుంటూ వింది. చివరికి, నీకెందుకు చెబుతున్నానంటే పాట పాడింది నువ్వు కాబట్టి అన్నాను.

“మాటలు నీవి కదక్కా” అంది.

నలభై ఏళ్లలో ఆ మాట దాని నోట రావడం ఇదే మొదలు. ఆ సంగతి మరిచిపోయిందేమో, తెలివితక్కువది అనుకునేదాన్ని. ఒక్కసారి కూడా ఎవరి దగ్గరా ఎందుకు చెప్పలేదని అడిగాను.

“నువ్వు చెప్పొద్దన్నావుగా.”

“మరి అంతమందిలో నిన్ను అన్ని మాటలంటే కూడానా?”

“ఆయన పోయిన రోజు చెబుదామనుకున్నాను” అంది. దూదిని మడిచి మడిచి చిన్న ఉండ చేసింది. “నేను ఆ పాట పాడి ఇల్లు గడుపుకున్నానక్కా. నువ్వు దాన్ని తిట్టి పరువు గడుపుకున్నావు. ఇద్దరం దానిమీదే బతికాం. నేను దాచుకోలేదు, అంతే తేడా.”

బోర్డు ముందు నిలబడి లెక్క రాని పిల్లలా గోడ వంక చూశాను. గోడ మీద మరిది ఫోటో.

అటక మీద నుంచి యంత్రం దించింది. స్పిరిట్‌తో లోపల తుడిచి, వేరే టేపు పెట్టి పరీక్షించింది. తిరుగుతోంది. నేను మన టేపు అందించబోతే వద్దంది.

“ముందు మనం వినకూడదు. ఆవిణ్ణి పిలువు.”

చదువుకున్నది నేను. ఆ ముక్క దానికి తోచింది.

సెప్టెంబరు 22, ఆదివారం

కొట్టు మూసి ఉంటే పక్కనే వాళ్లింటికి వెళ్లాను. గుమ్మం దగ్గరే నిలబడి చెప్పేశాను. కూర్చుంటే ఆగిపోతానేమోనని.

“టేపు నా దగ్గర ఉందమ్మా. ఆ రోజు అబద్ధం చెప్పాను. ఆ డిస్కో పాట రాసింది కూడా నేనే.”

తిడుతుందనుకున్నాను. తిడితే పడదామని తయారై వెళ్లాను కూడా. ఆమె చాలాసేపు నా చెప్పుల వంక చూసింది. తరవాత, ఎప్పుడు రమ్మంటారు అని అడిగింది. ఈ వారమంతా యూనిఫారాల పని ఉందట, వచ్చే ఆదివారం వస్తానంది.

శనివారం సభలో ఇదంతా చెప్పేస్తానన్నాను.

“మీరు చేసింది చెప్పుకోండి, అది మీ ఇష్టం. మా పాట మాత్రం అక్కడ చెప్పకండి.”

సరేనన్నాను.

సెప్టెంబరు 25, బుధవారం

అయిదు నిమిషాలు మూడయ్యాయి. చాలు.

సెప్టెంబరు 28, శనివారం

సాయంత్రం అయిదింటికి సభ. మైదానం నిండా జనం. దొరవేషాలు, అట్టముక్క తాళంచెవులు, చంకల్లో పిల్లలకి కూడా నల్లకళ్లద్దాలు. తలుపు దగ్గర, సరిగ్గా ఆ తలుపు దగ్గరే, కూల్‌డ్రింకు కంపెనీవాళ్లు ఫోటోలు దిగే చోటు పెట్టారు. గడియ పట్టుకుని లాగుతున్నట్టు నిలబడాలి. వరస కట్టారు.

నన్ను పిలిచారు. మైకు ముందు కాగితం చూసి చదవబోయాను. ముప్పై ఒక్క ఏళ్లు రోజూ మాట్లాడిన మనిషిని. కాగితం మడిచేశాను. “ఈ పాట మా చెల్లెలు పాడింది. మాటలు రాసింది రికార్డు మీద ఉన్న కవి కాదు. నేను” అన్నాను.

తరవాతి మాట, సిగ్గుపడుతున్నాననేది, నా నోట్లోనే ఉంది. మైదానం లేచింది. ఈలలు, చప్పట్లు, టీచరుగారూ టీచరుగారూ అని కేకలు. ఎక్కడో నా పాత విద్యార్థినులు కూడా ఉన్నట్టున్నారు. నేను ఆగమని చెయ్యెత్తాను. వాళ్లు అది నాట్యం అనుకుని వాళ్లూ చేతులెత్తారు. ఆ తలుపు బయట చచ్చిపోయినవాళ్ల మాటలు దొంగిలించి రాశానని అరిచాను. ‘తలుపు’ అనే మాట వినబడింది కాబోలు, ముందు వరస మొత్తం గడియ తియ్యరా అని అందుకుంది.

ఉత్సవమూర్తి పరిగెత్తుకొచ్చి పూలగుత్తి చేతిలో పెట్టాడు. కళ్లలో నీళ్లు. “ముందే చెప్పుంటే పోస్టరు మీద వేయించేవాళ్లం కదా మేడమ్” అన్నాడు.

అందరినీ వెక్కిరిస్తూ బతికాను. నేను నేరం ఒప్పుకుంటే పూలగుత్తి ఇచ్చే జనాన్ని తయారుచేసింది ఎవరు? ఈ ఊళ్లో సగం మందికి చరిత్ర చెప్పింది నేనే.

చెల్లి వంతు వచ్చింది. తళుకుల జాకెట్టుతో మైకు దాకా నడిచి, గొంతు బాగోలేదు, క్షమించండి అని చెప్పి దిగిపోయింది. ఒక్క నిమిషం నిశ్శబ్దం. ఆ ఒక్క నిమిషం నాకు ఆశ కలిగింది. ఆ తరవాత ఎవరో రికార్డు పెట్టారు. ఇరవై రెండేళ్ల చెల్లి గొంతు, పైస్థాయి చక్కగా అందుకుంటూ. అందరూ ఆడారు. మా ఇద్దరితో ఎవరికీ పనిలేదు.

ఆటోలో చెల్లి తళుకుల జాకెట్టు విప్పి ఒళ్లో పెట్టుకుంది. వాళ్లు ఇస్తామన్న డబ్బు పోయింది కదా అన్నాను. పోనీలే అంది. నా మోచేతి మీద చెయ్యి వేసి ఇల్లు వచ్చేదాకా తీయలేదు.

సెప్టెంబరు 29, ఆదివారం

పదింటికి దర్జీ చెల్లి ఇంటికి వచ్చింది. ఇవాళ మెళ్లో కొలతల టేపు లేదు. సభలో జరిగింది సందులో అందరికీ తెలుసట, ఏమనుకున్నారో చెప్పలేదు. నేను అడగలేదు. చెల్లి యంత్రాన్ని బల్ల మధ్యలో పెట్టి, మీరే నొక్కండి అని ఆమెకి మీట చూపించింది.

బుస్సుమని చప్పుడు. తరవాత గోనెసంచిలోంచి దారం లాగుతున్న చప్పుడు, జర్రు జర్రుమని. తరవాత ముసలావిడ గొంతు. సన్నగా, తొందర లేకుండా, ఒక్కో లైనుకీ దారం లాగినంతసేపు ఆగుతూ.

గడియ తియ్యి దొరా, గడియ తియ్యి
గోడ కట్టిన చేతులే ఇవి, గడియ తియ్యి

దర్జీ కుడిచెయ్యి తన నోటి మీదికి వెళ్లింది. మళ్లీ ఏదో గుర్తొచ్చినట్టు గబుక్కున తీసేసి ఒళ్లో పెట్టుకుంది.

రెండో చరణం అయింది. అప్పుడు ఇంకో గొంతు వినిపించింది. కుర్రగొంతు, హుషారైన గొంతు. ఎవరా అనుకున్నాను. నిజంగానే అనుకున్నాను.

“అమ్మమ్మా, మరీ అంత నెమ్మదిగా వద్దు. కొంచెం గబగబా పాడవా? ఇదిగో, ఇలా.”

చప్పట్లు. టక్ టక్, టక్ టక్. డ్రమ్ములాయన వేసిన తాళం అనుకుంటూ వచ్చాను ఇన్నాళ్లూ. స్టూడియోలో పుట్టలేదు అది. ఆ ఇంట్లో, ఆ గోనెసంచుల మధ్య, నా చేతుల్లో పుట్టింది.

దారం చప్పుడు ఆగింది. తరవాత, ఇంటికొచ్చిన పిల్ల అడిగింది కదా అని కాబోలు, ముసలావిడ గబగబా పాడటానికి ప్రయత్నించింది. ఊపిరి అందలేదు. లైను మధ్యలో తడబడింది. అక్కడ నేను నవ్వాను. గట్టిగా, ఆ గది అంతా నాదే అన్నట్టు. ఆ నవ్వు కింద ఒక మాట పడిపోయింది.

చెల్లి యంత్రం ఆపింది. నేను లేచి వెళ్లబోయాను. దర్జీ నన్ను ఆపి, కొలతలు రాసుకునే పుస్తకం తీసి నా ముందు పెట్టింది.

“మీ అక్షరం బాగుంటుంది కదండీ. మాటలన్నీ రాసిపెట్టండి. మా అమ్మాయి చదవాలి.”

రాశాను. ఒక్కో లైనూ ఆపి, వెనక్కి తిప్పి, మళ్లీ విని. మూడో చరణం దగ్గర ఆగాం. పెద్దోళ్లం బయటే ఉంటాం అని స్పష్టంగానే ఉంది. తరవాత, పసిదాన్ని, అని ఒక మాట. ఆ మాట మీద నా నవ్వు. ఏడుసార్లు విన్నాం. ఎత్తుకో అన్నట్టుంది అంది చెల్లి. దర్జీకి పెంచుకో అని వినబడింది, ఒకసారి అందుకో అని కూడా వినబడింది. దాచుకో అయి ఉంటుందన్నాను నేను, డిస్కో పాటలో లోన దాచరా అని రాశాను కాబట్టి. ఆ మాట ఆవిడ దగ్గర తీసుకున్నదో, ప్రాస కోసం నేను కల్పించిందో నాకే గుర్తులేదు. గుర్తుందని చెప్పబోయాను కూడా. నోరు మూసుకున్నాను.

పసిదాన్ని ఏం చెయ్యమని అడిగారో ఇక ఎవరికీ తెలియదు.

దాచుకో అనే రాసేద్దాం, అర్థం కుదురుతుంది కదా అంది చెల్లి, ఆమెకి ఊరట కలిగించాలని.

“వద్దండీ. అమ్మమ్మ ఏమందో మనకి తెలీదు. తెలిసినట్టు రాయొద్దు” అంది దర్జీ.

“మరి అక్కడ ఏం రాయమంటావమ్మా?”

“మీరు నవ్వారని రాయండి.”

రాశాను.

పెద్దోళ్లం బయటే ఉంటాం, గడియ తియ్యి
పసిదాన్ని (ఇక్కడ నేను నవ్వాను) గడియ తియ్యి

ఆమె పుస్తకం తనవైపు తిప్పుకుని, పాటంతా పెదవులు కదుపుతూ మెల్లగా చదువుకుంది. ఆ లైను మీద వేలు పెట్టి, ‘నేను’ అంటే ఎవరో తరవాత చదివేవాళ్లకి తెలీదు కదండీ అంది.

‘నేను’ కొట్టేసి నా పూర్తి పేరు రాశాను.